తాలుకాయ దెబ్బ

బస్సు దిగి రెండో కాలు ఇంకా నేల మీద పెట్టలేదు, తుమ్మాను. ఒకటి కాదు, వరసపెట్టి. తలుపు దగ్గర నిలబడ్డ కండక్టరు నా పెట్టె అందిస్తూ, "కొత్తాండీ ఈ ఊరికి?" అన్నాడు.

కొత్తా! కారంపూడి దాటిన దగ్గర్నుంచి మా ఊరి దాకా రోడ్డుకి రెండు పక్కలా మిరప కల్లాలే. వైశాఖమాసపు ఎండలో ఆఖరి కోత కాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. గాలి కాస్త కదిలితే చాలు, ఘాటు లేచి ముక్కులో దూరుతుంది. నా చిన్నప్పుడు ఆ గాలికి తుమ్మినవాడు చుట్టం, తుమ్మనివాడు ఊరివాడు. అంత తేలిక లెక్క. కల్లాల కాలం మొదలవగానే మా నాయనమ్మ శకునాల్లోంచి తుమ్ముని తీసేసేది. "కాయ ఎత్తేదాకా చుట్టాల తుమ్ముకి శకునం లేదు" అని వీధి అరుగు మీద నుంచి చాటింపు వేసేది. "లేకపోతే ఎట్టానే? గడప దాటబోతే తుమ్ము. ఆగి కూర్చుని మంచినీళ్ళు తాగి లేస్తే మళ్ళీ తుమ్ము. వచ్చినోడు వచ్చినట్టు మనింట్లోనే ఉండిపోతే ఎన్ని పూటలని వండి పోస్తాం?" ఊరివాళ్ళ తుమ్ముకి మాత్రం శకునం ఉండేది. వాళ్ళు ఎటూ తుమ్మరు కదా.

ఇన్నేళ్ళ తర్వాత నా ముక్కు నన్ను చుట్టాల్లో కలిపేసింది.

నేనుండే దేశం భూగోళానికి అడుగున ఉంటుంది. మనకి ఎండలు మండేటప్పుడు అక్కడ చలి. ఇది అబద్ధం కాదు, కావాలంటే బడిపిల్లల్ని అడగండి. అక్కడ ఒక ఆపిల్ పళ్ళ షెడ్డులో పని చేస్తాను. పళ్ళు నీళ్ళలో తేలుతూ వచ్చి బెల్టు ఎక్కుతాయి. ఒక యంత్రం ఒక్కో పండుకీ ఫొటో తీసి, మచ్చ ఉన్నదాన్ని పక్కకి నెట్టేస్తుంది. ఆ యంత్రం ఆగకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. చప్పుడు ఎక్కువ కాబట్టి చెవులకి మూతలు పెట్టుకుంటాను. పక్కవాడూ పెట్టుకుంటాడు. ఇంటికొస్తే ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే. అదెలా జరిగిందనేది పెద్ద కథ. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు కాబట్టి చెప్పినా మీకు రుచించదు.

పళ్ళ పని సర్దుకున్నాక సెలవు పెట్టి వచ్చి, చెల్లెలి ఇంట్లో దిగాను. దాన్ని ఊళ్ళోనే మేనత్త కొడుక్కి ఇచ్చారు. మా సొంత ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. మా వంటిల్లు ఉన్నచోట ఇప్పుడు బస్సు ఆగుతుంది. నేను తుమ్మింది సరిగ్గా మా పొయ్యి దగ్గరేనని నా అనుమానం.

చెల్లెలి ఇంట్లో నా భోగం చెప్పతరం కాదు. పొద్దున్నే చద్దన్నంలో గడ్డపెరుగు, నంజుకోవడానికి ఉల్లిపాయ, కొరివికారం. ఎండ ముదిరేసరికి గెలల మీద ముంజెలు. బొటనవేలితో తీసి నోట్లో వేసుకుంటే నీళ్ళు మోచేతి దాకా కారాల్సిందే. మధ్యాహ్నం గోంగూర పప్పు, వేయించిన ఊరమిరపకాయలు, చివర్లో పెరుగన్నంలోకి మామిడిపండు. ఆ తర్వాత ఏసీ గదిలో సాయంత్రం దాకా నిద్ర. లేచి టీ. ఏ పనీ లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

దేవుడు నాలుకని రెండు పనులకి ఇచ్చాడు. ఒక పని బ్రహ్మాండంగా సాగుతోంది. రెండోదే చెడింది.

ఒక సాయంత్రం డాబా మీద మా మేనల్లుడూ, వాడి స్నేహితులూ నా చుట్టూ చేరారు. "అక్కడెట్టా ఉంటది మావయ్యా?" అని వాడే అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సర్దుకుని కూర్చున్నాను.

"అక్కడ మనుషులకంటే గొర్రెలెక్కువరా. ఊరికే రోడ్డు మీద పడి పోవు. దాటేచోట స్తంభానికి మీట ఉంటుంది. ముందున్న గొర్రె ముక్కుతో మీట నొక్కుద్ది. పచ్చదీపం వెలిగేదాకా మందంతా కదలదు."

ఆగాను. ఇక్కడ ఆగాలి. ఎవడో ఒకడు 'పో మావయ్యా' అనాలి కదా.

"డిసిప్లిన్ మావయ్యా!" అన్నాడు మేనల్లుడు.

"మనోళ్ళకి ఎప్పుడొస్తదో" అని వాడి స్నేహితుడు నిట్టూర్చాడు. ఇంకొకడు, "వీడియో ఉందా మావయ్యా?" అన్నాడు. లేదంటే, "పర్లేదులే" అని తన ఫోనులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర వరసకి బాబాయి అయ్యే పెద్దాయన దొరికాడు. పాత కాలపు మనిషి, ఈయన వదలడులే అనుకుని కాస్త గట్టిదే తీశాను.

"మా తోటల్లో చిటారుకొమ్మన ఉండే కాయలు కోసేది గబ్బిలాలు బాబాయ్. రాత్రి డ్యూటీ. ఆదివారం సెలవు. ఈ మధ్య యూనియన్ కూడా పెట్టుకున్నాయి."

"పెట్టుకోవాల్సిందే మరి" అన్నాడు బాబాయి గ్లాసు కింద పెట్టి. "అడగందే హక్కులు ఎవడిస్తాడు? గబ్బిలాలు కలిసినియ్యి, మన ఊళ్ళో మనుషులే కలవట్లా." అక్కడి నుంచి ఊరి రాజకీయాల్లోకి వెళ్ళిపోయాడు. మళ్ళీ బయటికి రాలేదు.

చెల్లెలికి చెప్పుకున్నాను. అది నా కంచంలో మరో ముద్ద పెడుతూ, "నువ్వు చెప్తే అంతేలే అన్నయ్యా, ముందు తిను" అంది.

అబద్ధాలాడేవాడు నిజం చెప్పినా ఎవరూ నమ్మరనీ, అదే వాడికి శిక్ష అనీ బడిలో చెప్పేవారు. తప్పు. అసలు శిక్ష ఏమిటంటే, ఏం చెప్పినా అందరూ నమ్మడం. పరాయివాడి మాటని ఎవరూ కాదనరు. తల ఊపి, మంచినీళ్ళిచ్చి పంపుతారు. కాదనాలంటే వాడు మనవాడై ఉండాలి. సెలవు అయిపోయేలోగా ఈ ఊళ్ళో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను తాలుకాయ పెట్టి కొడితే చాలనిపించింది. అది తప్ప నాకక్కడ ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

ఆ దెబ్బ సంగతి చెప్పాలంటే మా చిన్నతాత కల్లానికి వెళ్ళాలి.

కల్లంలో కాయ ఎండాక ఆడవాళ్ళు గోనెపట్టాలు పరుచుకుని వరసగా కూర్చుని ఏరతారు. ఎర్రగా నిగనిగలాడేది మంచికాయ. రంగు పోయి తెల్లబారింది తాలుకాయ. దానిది వేరే పోగు. మూతికి తడిగుడ్డ, చేతులకి ఆముదం. అయినా సాయంత్రానికి వేళ్ళు భగభగమనేవి. మజ్జిగలో చేతులు ముంచుకుని, "అమ్మయ్య" అనుకునేవాళ్ళు. చేతులకి పని ఉంది, చెవులకి లేదు. ఆ ఖాళీ అంతా మా చిన్నతాతది.

ఆయన మా తాత తమ్ముడు. నిలువెత్తు మనిషి, బుగ్గలు కనపడనిచ్చే మీసాలు కావు. వంగి ఒక్క కాయ ఏరిన పాపాన పోలేదు. తాటాకు పందిరి కింద నులకమంచం వేసుకుని కోతలు కోసేవాడు. ఆ కల్లానికి ఒక చట్టం కూడా ఆయనే పెట్టాడు. "నే చెప్పేది నమ్మబుద్ధి కాకపోతే ఊరికే కిసుక్కుమనబాకండి. చేతిలో తాలుకాయ ఉందిగా, పెట్టి కొట్టండి. కాయ పడితే నే ఓడా. పడకపోతే నా మాట గెలిచినట్టే."

ఒకసారి ఆయన చెప్పిన పుంజు కథ నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"మన డేగ పుంజుని కారంపూడి తీసకపోయా. పందెం గెలిచింది. ఆ జనంలో తప్పిపోయింది. యాడ వెతికినా లేదు. ఏడ్చుకుంటా ఇంటికొస్తే, ఇదుగో, ఇక్కడ గంప మీద కూర్చోనుంది."

"ఎట్టా వచ్చింది మావా?" అంది ఏరేవాళ్ళలో ఒకామె.

"ఎట్టా వస్తది? బస్సులో."

చేతులు ఆగాయి కానీ కాయ లేవలేదు. ఆ రోజుల్లో మా వైపు పుంజు ఎక్కని బస్సు లేదు. ఎవరో ఒకరి చంకలో ఉండేదే.

"టిక్కెట్టో?"

"కండక్టరు అడిగాడంట. రెక్కెత్తి చూపించింది."

"ఏంది చూపించింది?"

"పాసు."

తాలుకాయల వాన కురిసింది. చిన్నతాత మీసాల్లోంచి కాయలు దులుపుకుంటూ, "దొరికిపోయా, దొరికిపోయా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి రహస్యంగా చెప్పాడు. "పాసు కాడ దెబ్బతిన్నానురా. అబద్ధానికి ఒక కాలు నేల మీదుండాల. రెండూ ఎత్తావా, పడతావ్."

నేను ఆయన శిష్యుణ్ణి. గురువుగారు కునుకు తీసినప్పుడు మంచం అంచున కూర్చుని నా విద్య చూపించేవాణ్ణి. నా పాలిట యముడు మా ఎదురింటక్క. నాకంటే కాస్త పెద్దది. వాళ్ళమ్మతో పాటు ఏరడానికొచ్చేది. ఆమె గురి తప్పడం నేను చూడలేదు. జామచెట్టు కింద నిలబడి ఎగిరే చిలకని అడిగి మరీ తోక ఈక మీద కొట్టేది. (ఇక్కడ మీరు కాయ విసరవచ్చు.)

ఒకరోజు నేను, "మా బడిగంటని కోతి ఎత్తకపోయి, సాయంత్రం చెట్టెక్కి కరెక్టుగా వదిలే వేళకి కొట్టింది" అన్నాను. ఠప్పున నుదుటి మీద పడింది.

"కోతి కొట్టిందంటే నమ్ముతా" అంది అక్క, చేతిలో కాయ మీద నుంచి చూపు తిప్పకుండానే. "కరెక్టుగా కొట్టిందంటే మాత్రం నమ్మను. మీ మాస్టారే ఏనాడూ కరెక్టుగా కొట్టలా."

మరోసారి విసిరిన కాయ నుదుటి మీద పగిలి, గింజ కంట్లో పడింది. నా కేకకి పందిరి మీది కాకులు లేచిపోయాయి. అందరికంటే ముందు అక్కే పరిగెత్తుకొచ్చింది. పరికిణీ అంచు మజ్జిగలో ముంచి నా కంటి మీద పిండుతూ, నాకంటే ఎక్కువగా తనే ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. "ఒరేయ్ సచ్చినోడా, ఇకనించీ అబద్ధం చెప్పేటప్పుడు కళ్ళు మూసుకో. నా గురి మాత్రం మారదు, చెప్తన్నా."

అప్పటి నుంచి కళ్ళు మూసుకునే కోసేవాణ్ణి. అది అలవాటై, పెద్ద కోత వస్తోందంటే నా రెప్పలు వాటంతటవే వాలిపోయేవి. అది చూసి అక్క ముందే కాయ చేతిలోకి తీసుకునేది.

ఒక మధ్యాహ్నం మాత్రం వేరేగా జరిగింది. చిన్నతాత కోతలు మొదలుపెట్టకుండా నులకమంచం తాళ్ళు బిగించుకుంటూ కూర్చున్నాడు. ఎవరో, "ఏందయ్యా మావా, ఇయాళ సరుకు అయిపోయిందా?" అని ఎగదోశారు. ఆయన మీసం నిమురుకుంటూ, "నాకు ఒక్కణ్ణే పడుకోవాలంటే భయం" అన్నాడు.

కల్లమంతా గొల్లున నవ్వింది. ఆ మీసాలు, ఆ మనిషి, ఊరిమీదకి దున్నపోతు బెదిరి వస్తే కొమ్ములు పట్టుకుని నిలిపినవాడు, ఆయనకి భయమట! ఎన్ని కాయలు పడ్డాయో. నేనూ పిడికెడు విసిరాను. ఆయన ఎప్పట్లాగే దులుపుకుని, "దొరికిపోయా, దొరికిపోయా" అని నవ్వాడు.

ఇదీ తాలుకాయ సంగతి. ఇక ఇప్పటికి వద్దాం.

సెలవు అయిపోయింది, మర్నాడు బయల్దేరాలి. ఆ మధ్యాహ్నం నిద్ర మానుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎదురింటక్క కల్లానికి నడిచాను. పొలం తనదే, పెత్తనమూ తనదే ఇప్పుడు. జుట్టు నెరిసింది. నడుం కాస్త వంగింది. చేతులు మాత్రం అవే, చూడకుండానే మంచినీ తాలునీ విడదీస్తున్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఏరుతున్నారు. పూర్వమైతే నులకమంచం ఉండాల్సిన చోట ఒక ఫోను నిలబెట్టి ఉంది. అందులో ఎవరో అత్త ఎవరో కోడల్ని తిడుతోంది. అందరి చెవులూ అక్కడే.

అక్క నన్ను చూసి గబగబా లేచింది. పమిట సర్దుకుంది.

"రండి తమ్ముడు గారూ. ఎండన పడొచ్చారే. ఏమే, ఆ కుర్చీ తుడిచి ఇటెయ్యండి."

తమ్ముడు గారు! ప్లాస్టిక్ కుర్చీ! కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చారు. తాగాను. తాగి, నా సరుకంతా ఒక్కొక్కటే దించాను. గొర్రెలు మీట నొక్కాయి. "అట్టాగా" అంది అక్క. గబ్బిలాలు యూనియన్ పెట్టాయి. "చానా పద్ధతైన దేశమండీ" అంది. మా ఊళ్ళో నదికి శని ఆదివారాలు సెలవని, ఆ రెండు రోజులూ పారదని చెప్పాను. "మన కాలవ కూడా అంతేలెండి" అంది.

అబద్ధానికి రెండు కాళ్ళూ ఎత్తేసి గాల్లో వేలాడుతున్నాను. పడేసేవాళ్ళే లేరు.

లేచి వచ్చేద్దామనుకున్నాను. అక్కే మర్యాదకి అడిగింది. "అక్కడ కాలక్షేపం బాగానే ఉంటదా తమ్ముడు గారూ? స్నేహితులూ అయ్యీ?"

అప్పుడే గాలి లేచింది. కల్లమంతా ఒక్కసారి ఎర్రటి ఘాటు లేపింది. కళ్ళు మూసుకున్నాను. మూసుకునే చెప్పాను.

"సెలవురోజు పొద్దుగూకులా ఒక్క మాట ఉండదక్కా. అసలు గొంతుందో పోయిందో అనుమానమొస్తది. అప్పుడు అంగడికి పోతా. ఉప్పు యాడుందని అక్కడి పిల్లనడుగుతా. యాడుందో నాకు తెలుసు. ఆ పిల్ల చూపిస్తది. థాంక్స్ అంటా. ఆ రోజుకి అంతే మాటలు. ఇంట్లో ఉప్పు పొట్లాలు చానా పోగుపడినియ్యి."

ఠప్!

నుదుటి నడిమధ్య. గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

"ఒరేయ్ అబద్ధాలకోరు సచ్చినోడా!" కళ్ళు తెరిచేసరికి అక్క మోకాళ్ళ మీద లేచి ఉంది. మొహమంతా నవ్వు. "నువ్వా? రోజంతా మాట్లాడకుండా ఉండేది నువ్వా? మీ నాయనమ్మ బెల్లంగడ్డ కుక్కినా మూతపడని నోరు కదరా అది! గొర్రెలంటే పోనీలే అనుకున్నా. గబ్బిలాలంటే ఊరుకున్నా. ఉప్పు పొట్లాలంట, ఉప్పు పొట్లాలు! నువ్వు కళ్ళు మూసినప్పుడే అనుకున్నా, ఏదో గట్టిదే వస్తందని."

కల్లమంతా నవ్వింది. ఎవరో ఫోను కట్టేశారు.

నిజమే అక్కా, అని చెప్పొచ్చు. చెప్తే ఆమె నవ్వు ఆగిపోయేది. చెంగుతో కళ్ళు తుడుచుకునేది. 'ఒరేయ్' పోయి మళ్ళీ 'గారూ' వచ్చేది. కుర్చీ మళ్ళీ తుడిచి వేసేవాళ్ళు.

"దొరికిపోయానక్కా, దొరికిపోయా" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతుంటే ఆ నవ్వు నాది కాదనీ, ఎక్కడో విన్నాననీ అనిపించింది. చిన్నతాత పోయిన కొన్నాళ్ళకి నాయనమ్మ అన్న మాట గుర్తొచ్చింది. "మీ చిన్న నాయనమ్మ పోయాక ఆయన ఇంట్లో ఒక్కరోజు పడుకోలేదురా. కల్లం కాపలా అని పోయేవాడు. కాయ ఎత్తేసినాక కూడా పోయేవాడు. అక్కడ ఎవరో ఒకరు ఉంటారని." అప్పుడు వినీ విననట్టు ఊరుకున్నాను. ఆడుకోవడానికి వెళ్ళిపోయి ఉంటాను.

"ఇంకోటి చెప్పరా" అంది అక్క, గుప్పిట్లోకి తాలుకాయలు పోగు చేసుకుంటూ.

కుర్చీ వదిలేసి గోనెపట్టా మీద కూర్చున్నాను. పొద్దు వాలేదాకా చెప్పాను. నది సెలవులు మళ్ళీ చెప్పాను, ఈసారి వదల్లేదు ఎవరూ. ఒళ్ళంతా గింజలు, కళ్ళలో మంట. అక్కడి ఆడపిల్లలు కూడా గురి నేర్చేసుకున్నారు. మొదటి కాయని మాత్రం ఎవరూ చూడకుండా ఏరి చొక్కా జేబులో వేసుకున్నాను.

మర్నాడు చెల్లెలూ, మేనల్లుడూ, దారిన పోతూ ఆగిన బాబాయీ బస్సు దాకా వచ్చారు. అక్క కల్లం నుంచే చెయ్యి ఊపింది. బస్సు మా పొయ్యి మీద ఆగి ఉంది. గాలి బాగానే వీస్తోంది. రెండు పక్కల కల్లాల నుంచీ ఘాటు లేచి మొహాన కొడుతోంది. మెట్టు మీద కాలు పెట్టి కాసేపు ఆగాను. ఒక్క తుమ్ము వస్తే చాలు. ఊరివాడి తుమ్ముకి శకునం ఉంది కదా. దిగి, అక్కడే బస్టాపు అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఇవాళ కాదులే అనవచ్చు.

రాలేదు. జేబులోంచి తాలుకాయ తీసి గట్టిగా వాసన చూశాను. అయినా రాలేదు. ఇన్ని రోజులకి నా ముక్కు మళ్ళీ ఊరిది అయిపోయింది.

"ఎక్కండి సార్" అన్నాడు కండక్టరు.